తలుపు వెలుపల నిలిచిన ప్రభువు

ధ్యానభాగము: ప్రకటన గ్రంథము 3:14–22



మన గ్రామములలో క్రైస్తవుని చూచి, “మీది దొరల మతము” అని కొందరందురు. ఆ మాట విని మనలో కొందరు సిగ్గుపడుదురు. మరికొందరు లోలోపల సంతోషింతురు. దొరలు తెచ్చినది గనుక గొప్పదనియు, పడమటి దేశములలోని సంఘము మన సంఘముకంటె పరిశుద్ధమైనదనియు వారు తలంతురు. సిగ్గుపడువారును, సంతోషించువారును ఒకే పొరపాటు చేయుచున్నారు. సంఘము ఎవరిదో, దాని తలుపు దగ్గర నిలిచినవాడెవడో ఇద్దరును మరచిరి.

సువార్త పడమట పుట్టినది కాదు. మన ప్రభువు ఆసియా ఖండములోని బేత్లెహేములో జన్మించెను. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చదువుడి. పౌలు త్రోయలో ఓడ యెక్కి, సముద్రము దాటి, మాసిదోనియకు వెళ్లెను. ఫిలిప్పీ పట్టణపు ఏటి యొడ్డున కూడిన కొందరు స్త్రీలతో మాటలాడెను. ఆ స్త్రీలలో మొదట హృదయము తెరవబడిన లూదియ కూడ ఆసియాలోని తుయతైర ఊరిదే. ఐరోపావారు సువార్తను మనవలెనే ఇతరుల చేతినుండి అందుకొనిరి. ఇచ్చినవారు గొప్పవారనియు, పుచ్చుకొన్నవారు తక్కువవారనియు చెప్పుటకు ఇందులో చోటు లేదు.

అయితే ఆ పడమటి సంఘము యొక్క స్వభావమెట్టిది? అది మంచిదా, చెడ్డదా? ఒక మాటలో చెప్పదగిన జవాబు లేదు. కాబట్టి జరిగిన ఒక సంగతిని మొదటినుండి చివరివరకు చూతము. అది వినుటకు కష్టమైన సంగతి. అయినను అది మన తెలుగు దేశమునకు కూడ సంబంధించినది గనుక విని తీరవలెను.

లండనులో 1701వ సంవత్సరమున ఒక మిషను సొసైటీ ఏర్పడెను. పరదేశములలో సువార్త వ్యాపింపజేయుట దాని పని. మన పెద్దలు దానిని ఎస్‌.పి.జి. మిషను అని పిలిచిరి. కర్నూలు ప్రాంతమున ముత్యాలపాడులోను, నంద్యాలలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను పని చేసిన మిషను అదే. ఊరికి వెలుపల వాడలలో నివసించుచు, బడి ముఖమెరుగని అనేకుల పిల్లలకు ఆ మిషను అక్షరములు నేర్పెను. అందు నిమిత్తము నేటికిని దేవుని స్తుతించు కుటుంబములున్నవి. వారు స్తుతించుట న్యాయమే.

ఆ సొసైటీ మన దేశమునకు రాకమునుపే, 1710లో, క్రిస్టఫరు కోడ్రింగ్టను అను ధనవంతుడు మరణించెను. బార్బడోసు ద్వీపములో అతనికి రెండు చెరకు తోటలుండెను. అతడు తన మరణశాసనములో ఆ తోటలను ఈ సొసైటీకి వ్రాసి, వాటి రాబడితో ఒక విద్యాలయము కట్టవలెనని కోరెను. ఎంత మంచి దానము! కాని ఆ శాసనములో మరియొక మాట ఉండెను. ఆ తోటలలో ఎల్లప్పుడు కనీసము 300 మంది బానిసలను ఉంచవలెనని అతడు వ్రాసెను. చెరకు తోటలతోపాటు, ఆఫ్రికానుండి బలవంతముగా తేబడిన మనుష్యులును, వారి పిల్లలును మిషను ఆస్తియైరి.

సొసైటీ ఆ దానమును పుచ్చుకొనెను. తొలి సంవత్సరములలో ఆ బానిసల రొమ్ములపై కాల్చిన యినుముతో ముద్ర వేసిరి. ఆ ముద్రలో నుండిన మాట “సొసైటీ” అనునదే. ప్రియులారా, ఒక్క క్షణము ఆగి దీనిని తలపోయుడి. మన ఊళ్లలో పశువులకు వాతలు వేయుట మీరు చూచియున్నారు. ఇక్కడ వాత పడినది క్రీస్తు ఎవరికొరకు మరణించెనో ఆ మనుష్యుల మీద. వేసినది క్రీస్తు నామమును ప్రకటించుటకు ఏర్పడిన సంఘము.

ఆ తోటలలో పని అతి కఠినము. క్రొత్తగా కొనబడినవారిలో అనేకులు కొద్ది సంవత్సరములలోనే చనిపోయిరి. చనిపోయినవారి స్థలములో మరికొందరిని కొనిరి. సొసైటీకి అధ్యక్షుడు ఇంగ్లాండు సంఘములో అందరికంటె పెద్దయైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు. 1760లో ఆ స్థానమున నుండిన థామస్ సెక్కరు ఈ మరణములను గూర్చి ఒక బిషప్పుకు ఉత్తరము వ్రాసెను. వారిలో ఇంతమంది తగ్గిపోవుటయు, మరల మరల క్రొత్తవారిని తేవలసివచ్చుటయు తనకు ఆశ్చర్యమును దుఃఖమును కలిగించుచున్నవని అందులో చెప్పెను. అది కనికరము లేకపోవుటచేతనో, మంచి ఏర్పాటు లేకపోవుటచేతనో జరుగుచుండవలెనని కూడ తలంచెను. అయినను ప్రస్తుతము పరిస్థితులను ఉన్నవి ఉన్నట్లే అంగీకరింపవలసియున్నదని ఆ మాట ముగించెను.

ఈ ఆర్చిబిషప్పు రాక్షసుడు కాడు. అతడు చదువుకొన్నవాడు, ప్రార్థించువాడు. అతనికి దుఃఖము కలిగెను. కారణము కూడ కొంత తెలిసెను. కాని “ఉన్నవి ఉన్నట్లే” అను ఆ యొక్క మాట దగ్గర అతని దుఃఖము ఆగిపోయెను. నా తలంపులో పడమటి సంఘపు వ్యాధి అంతయు ఆ మాటలోనే యున్నది. అది ముఖ్యముగా క్రూరత్వము కాదు. అలవాటుపడుట. ధనముతోను, అధికారముతోను ఒక యింటిలో చిరకాలము కాపురముండుటచేత, ఆ యింటిలోని దుర్వాసన తెలియకపోవుట.

లవొదికయ సంఘమునకు కలిగిన వ్యాధియు ఇదే. తాను ధనవంతురాలననియు, తనకేమియు కొదువ లేదనియు ఆ సంఘము అనుకొనెను. తన దరిద్రతను, గ్రుడ్డితనమును, దిగంబరత్వమును అది ఎరుగకపోయెను. అటుతరువాత ప్రభువు ఎక్కడ కనబడుచున్నాడో చూడుడి. బలిపీఠము దగ్గర కాదు, ప్రసంగపీఠము మీద కాదు. తలుపు వెలుపల నిలిచి తట్టుచున్నాడు. ఈ వచనమును మనము తరచుగా అవిశ్వాసులను పిలుచుటకు ఉపయోగింతుము. కాని అది మొదట వ్రాయబడినది ఒక సంఘమునకు. తన సొంత యింటి వెలుపల నిలిచి, లోపలికి రానిమ్మని అడుగుచున్న ప్రభువును గూర్చినది ఆ వచనము.

బార్బడోసు తోటలలో ప్రభువు ఎక్కడ నుండెను? ప్రార్థన జరుగు గదిలోనా? చెరకు నరుకువారి మధ్యనా? మత్తయి సువార్త 25వ అధ్యాయము చదివినవారికి జవాబు తెలియును.

అయితే ఆ తట్టుట విన్నవారు అప్పుడు ఎవరును లేరా? ఉండిరి. 1783లో బీల్బీ పోర్టియసు అను బిషప్పు ఆ సొసైటీ వార్షిక కూటములోనే ప్రసంగించుచు, తోటలలోని బానిసల స్థితిని బాగుచేయవలెనని హెచ్చరించెను. సొసైటీవారు అతని ఏర్పాటును అంగీకరింపలేదు. ఆ సంవత్సరమే క్వేకరులను భక్తులు బానిస వర్తకమునకు విరోధముగా ఇంగ్లాండు పార్లమెంటుకు మనవి పంపుకొనిరి. విల్బరుఫోర్సును అతని స్నేహితులును ఏండ్ల తరబడి పాటుపడిన తరువాత, 1807లో ఆ వర్తకము ఇంగ్లాండు రాజ్యమున నిషేధింపబడెను. కాని వర్తకము ఆగినను బానిసత్వము ఆగలేదు.

అందరికంటె స్పష్టముగా విన్నవారు బానిసలే. ఆర్చిబిషప్పు చేతిలోనున్న బైబిలే వారికిని వినబడెను. అయితే వారికి అందులో “ఉన్నవి ఉన్నట్లే” అను మాట కనబడలేదు. జమైకా ద్వీపములో సామ్యూలు షార్పు అను బానిస బాప్తిస్టు సంఘములో డీకనుగా నుండెను. మనుష్యుడు మనుష్యునికి సొత్తు కానేరడని అతడు ఆ గ్రంథమునుండియే నేర్చుకొనెను. 1831 డిసెంబరులో కూలి లేనిదే పని చేయమని బానిసలు నిలిచిపోవునట్లు అతడు వారిని కూడగట్టెను. అది పెద్ద తిరుగుబాటుగా మారెను. దొరతనమువారు దానిని ఘోరముగా అణచివేసిరి. 1832 మే 23వ తేదీన షార్పును ఉరితీసిరి. మరుసటి సంవత్సరమే ఇంగ్లాండు పార్లమెంటు బానిసత్వమును రద్దుచేయు చట్టము చేసెను. పడమటి సంఘము అని మనము చెప్పునప్పుడు ఈ డీకనును కూడ అందులో లెక్కింపవలెను. సంఘమనగా బిషప్పులు మాత్రమే కారు గదా!

ఆ చట్టము వచ్చినప్పుడు నష్టపరిహారము చెల్లించిరి. ఎవరికి? బానిసలకు కాదు, యజమానులకు! మొత్తము 2 కోట్ల పౌన్లు. కోడ్రింగ్టను తోటల నిమిత్తము మన సొసైటీకి 8,823 పౌన్లు ముట్టెను. వాతలు తిన్నవారి సంతానమునకు ఒక్క కాసైనను ముట్టలేదు. లోపలివారు లెక్కలు చూచుకొనుచుండగా, ప్రభువు ఇంకను వెలుపలనే నిలిచియుండెను.

ఇది పాత కాలపు సంగతి, పోనిండని ఎవరైన అనవచ్చును. కాబట్టి మన తాతల కాలమున జరిగిన మరియొక సంగతి చూడుడి. మార్టిన్ లూథరు పుట్టిన జర్మనీ దేశమున 1933లో హిట్లరు అధికారములోనికి వచ్చెను. యూదుల వంశములో పుట్టినవారు సర్కారు ఉద్యోగములలో ఉండరాదని అతని ప్రభుత్వము శాసించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో, ప్రష్యా ప్రాంతపు ప్రొటెస్టంటు సంఘముల మహాసభ ఆ నియమమునే సంఘములోనికి తెచ్చెను. తాతలలోనో అవ్వలలోనో యూదులున్న పాదిరి, ఎంత విశ్వాసియైనను, ఆ పనిలో ఉండరాదట! ఆ నియమము చొప్పున పేతురును పౌలును అక్కడ ప్రసంగించుటకు తగరు. మన ప్రభువే తగడు. బాప్తిస్మముకంటె పుట్టుక గొప్పదని ఒక క్రైస్తవ మహాసభ తీర్మానించెను. ఈ మాట చదువుచున్నప్పుడు మన ఊళ్ల సంగతి జ్ఞాపకము వచ్చినయెడల, ఆ జ్ఞాపకమును త్రోసివేయకుడి. దానియొద్దకు తిరిగి వత్తుము.

అక్కడను కొందరు ఎదిరించిరి. 1934 మే నెలలో బార్మెను పట్టణమున కూడి, సంఘమునకు క్రీస్తు తప్ప మరియొక నాయకుడు లేడని ప్రకటించిరి. దీట్రిచ్ బోన్‌హాఫరు అను యౌవన పాదిరిని 1945 ఏప్రిలు 9వ తేదీన ఉరితీసిరి. మార్టిన్ నీమొల్లరు అను పాదిరి 1937 మొదలు 1945 వరకు బందీగా నుండెను. అయినను ఆ బార్మెను ప్రకటనలో యూదుల శ్రమను గూర్చి ఒక్క మాటయు లేదు. మంచివారి ధైర్యమునకు కూడ ఒక హద్దు ఉండెను.

యుద్ధము ముగిసిన తరువాత, 1945 అక్టోబరులో, జర్మను సంఘపు పెద్దలు స్టట్‌గార్టులో కూడిరి. పట్టణములు బూడిదయై, జనులు ఆకలితో నుండిన కాలమది. తప్పు హిట్లరుదని చెప్పి ఊరకుండుట సులువు. కాని వారట్లు చేయలేదు. తాము ఇంకను ధైర్యముగా సాక్ష్యమియ్యలేదనియు, ఇంకను నమ్మకముగా ప్రార్థింపలేదనియు, ఇంకను అధికముగా ప్రేమింపలేదనియు ఒప్పుకొనిరి. సంతకము చేసినవారిలో నీమొల్లరు కూడ ఉండెను. ఎనిమిదేండ్లు చెరలో మ్రగ్గినవాడు తన్ను తాను నీతిమంతునిగా ఎంచుకొనలేదు. తానును మొదట హిట్లరును ఆదరించినవాడేనని అతడెరుగును. ఆ ఒప్పుకోలులో కూడ యూదుల పేరు లేదు. జర్మను సంఘపు మహాసభ ఆ పేరు చెప్పి తన దోషమును ఒప్పుకొనుటకు 1950 వరకు పట్టెను. పశ్చాత్తాపము కూడ మెల్లమెల్లగా నడక నేర్చుకొనును.

కోడ్రింగ్టను సంగతి కూడ అట్లే నడిచెను. 2006లో ఇంగ్లాండు సంఘపు మహాసభ బానిసత్వములో తన పాలును ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. 2023లో ఆ పాత మిషను సొసైటీకి వారసులైనవారు బార్బడోసుకు వెళ్లి, ఆ తోటల ప్రజల సంతతివారి మేలు కొరకు 70 లక్షల పౌన్లు వ్యయపరచుటకు పూనుకొనిరి. అమెరికాలోని దక్షిణ బాప్తిస్టుల సంగతియు ఇట్టిదే. బానిసలను ఉంచుకొనువారిని మిషనరీలుగా పంపవచ్చునా అను వివాదము మీద 1845లో వారు ఉత్తర దేశపు బాప్తిస్టులనుండి వేరైరి. ఆ ఉత్తరాదివారే నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో పని చేసినవారు. ఆ వేర్పాటు జరిగిన 150 సంవత్సరములకు, 1995లో, దక్షిణ బాప్తిస్టులు తమ పూర్వికుల పాపమును ఒప్పుకొనిరి.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న కలదు. చనిపోయినవారికి క్షమాపణ చెప్పి ఏమి లాభము? ఈ ప్రశ్నను తేలికగా ఎంచరాదు. జక్కయ్య ప్రభువు ఎదుట కన్నీళ్లు మాత్రమే కార్చలేదు. అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. ఇయ్యని పశ్చాత్తాపము మాటలే. ఇచ్చినను, పోయిన ప్రాణములు తిరిగి రావు. అయితే ఒప్పుకొనని సంఘము ఆ పాపమునే మరల వేరొక పేరున చేయును. తన పాత లెక్కల పుస్తకము తానే తెరిచి, దోషమును బిగ్గరగా చదువుకొను సంఘములో మాత్రము తలుపు గడియ కదలుచున్నదని చెప్పవచ్చును.

కాబట్టి పడమటి సంఘపు స్వభావమేదని అడిగినవారికి నా జవాబు ఇది. అది మనకు దేవత కాదు, శత్రువును కాదు. గోధుమలును గురుగులును కలిసి పెరిగిన పొలమది. ఒకే సొసైటీ ఒక ద్వీపములో మనుష్యులకు వాతలు వేసెను. నూరేండ్లు దాటిన తరువాత మన పల్లెలలో అంటరానివారని త్రోయబడినవారి పిల్లలకు పలక ఇచ్చెను. మొదటిదాని నిమిత్తము రెండవదానిని కాదనరాదు. రెండవదాని నిమిత్తము మొదటిదానిని కప్పిపుచ్చరాదు. కృతజ్ఞత గ్రుడ్డిదిగా నుండనక్కరలేదు. కన్నులు తెరచి కూడ వందనము చెప్పవచ్చును.

నేడు ఆ దేశములలో అనేక దేవాలయములు ఖాళీగా నున్నవి. ఇంగ్లాండు, వేల్సు దేశముల జనాభా లెక్కలలో తాము క్రైస్తవులమని చెప్పుకొన్నవారు 2011లో నూటికి 59 మంది. 2021లో 46 మంది. ఇందుకు కారణములు అనేకములు. వారికి తగిన శాస్తి జరిగినదని మనము చెప్పరాదు. లోకములోని క్రైస్తవులలో ఎక్కువ భాగము ఇప్పుడు ఆఫ్రికాలోను, ఆసియాలోను, దక్షిణ అమెరికాలోను ఉన్నారు. కాబట్టి లవొదికయకు వ్రాసిన ఉత్తరము ఇక మన చిరునామాకే వచ్చును.

ఆ ఉత్తరము విప్పుదము. మన తాతముత్తాతలలో అనేకులు ఊరి బావి దగ్గర నీళ్లు చేదుకొనలేక ఎవరో పోయువరకు నిలిచినవారు. గుడి వెలుపల నిలిచినవారు, ఇంటి గడప వెలుపల నిలిచినవారు. తలుపు వెలుపల నిలుచుట ఎట్లుండునో లోకములో ఏ సంఘముకంటెను మనకు బాగుగా తెలియును. అట్టి మన సంఘములలో కూడ కులమును చూచి బల్లమీద కూర్చుండుట, కులమును చూచి పెద్దలను ఏర్పరచుట, కులము వేరైనదని విశ్వాసి పిల్లకు విశ్వాసి పిల్లవానిని ఇయ్యకపోవుట లేదా? మాల క్రైస్తవుడు మాదిగ క్రైస్తవుని ఇంట భోజనము చేయుటకు వెనుదీయుట లేదా? 1933లో జర్మను మహాసభ కాగితము మీద వ్రాసిన తీర్మానమును మనము కాగితము లేకుండనే నడుపుచున్నాము. కొంచెము పొలము కలిగిన విశ్వాసి, బడికి పోవలసిన పేద పిల్లవానిని పశువుల దగ్గర జీతమునకు ఉంచుకొని, ఆదివారమున కానుక వేయుట లేదా?

అడిగినప్పుడు మనము చెప్పు జవాబేమి? “ఏమి చేయుదుము, లోకాచారము ఇట్లున్నది” అందుము. 1760లో కాంటర్‌బరీలో చెప్పిన జవాబు ఇదియే గదా! ఆయన ఇంగ్లీషులో చెప్పెను. మనము తెలుగులో చెప్పుచున్నాము.

ప్రియులారా, ఈ నెలలో మీ సంఘ పెద్దలు కూడుకొన్నప్పుడు మూడు ప్రశ్నలు అడుగుకొనుడి. మన మందిరములో ఎవరు వెనుక కూర్చుండుచున్నారు, ఎందుచేత? మన యిండ్లలోను పొలములలోను పని చేయువారికి న్యాయమైన కూలి ముట్టుచున్నదా? “ఉన్నవి ఉన్నట్లే” అని మనము విడిచిపెట్టిన సంగతి ఏది? జవాబు దొరికినప్పుడు తీర్మానము వ్రాసి ఊరకుండవద్దు. వచ్చు ఆదివారము ఆరాధన తరువాత ఎవరి యింట మీరు ఇంతవరకు భోజనము చేయలేదో, వారి యింటికి వెళ్లుడి. వారిని మీ యింటికి పిలువుడి. ప్రభువు తలుపు తెరచినవారితో చేయుదునని చెప్పినదియు భోజనమే గదా!

ఆయన ఇంకను తట్టుచున్నాడు. లండనులో తట్టెను, జర్మనీలో తట్టెను. మన గ్రామపు మందిరము చిన్నది, దాని తలుపు కూడ చిన్నది. తెరచుట ఆర్చిబిషప్పుకంటె మనకు సులువు కావలెను.

ప్రార్థన: ప్రభువా, నీ వాక్యమును మాకు తెచ్చినవారి నిమిత్తము నీకు వందనములు. వారి పాపమును మేము కప్పిపుచ్చకుండునట్లును, దానిని చూచి అతిశయింపకుండునట్లును మాకు సహాయము చేయుము. మేము అలవాటుపడిన అన్యాయమును మాకు చూపుము. నీవు వెలుపల నిలిచియుండగా మేము లోపల పాటలు పాడుకొనకుండునట్లు మా చెవులు తెరువుము. ఆమేన్.